వానల్లో హకోనే: అమ్మానాన్నలతో రెండు రోజులు, ఏ మ్యూజియంలు చూపించాలి?

గోదారిపిల్ల

అందరికీ నమస్కారం. మేం టోక్యోలో నిషికసాయ్‌లో ఉంటాం. జూన్‌లో అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. మూడో వారంలో మంగళ, బుధవారాలు సెలవు పెట్టి హకోనే తీసుకెళ్దామని గోరాలో రూమ్ బుక్ చేసేశాను. బుక్ చేశాక గానీ తట్టలేదు, అది సరిగ్గా ఇక్కడ వానల సీజన్ అని. ఫుజి కనపడదు, సరస్సు మీద మబ్బు తప్ప ఏమీ ఉండదు అని ఆఫీసులో అందరూ ఒకటే మాట. ఇప్పుడు కాన్సిల్ చేస్తే సగం డబ్బు పోతుంది, పైగా మళ్ళీ ఇద్దరం సెలవు పెట్టే వీలు లేదు.

ఆ కొండ మీద ఆర్ట్ మ్యూజియంలు చాలా ఉన్నాయని విన్నాను. వానైతే అవే చూపిద్దామా అని ఆలోచన. కానీ నాన్న ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, బొమ్మలూ శిల్పాలూ ఎప్పుడూ ఆయన దారి కాదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే భయం. ఇద్దరూ శాకాహారులు. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళని తీసుకెళ్ళి విసిగిస్తానేమో అని టెన్షన్‌గా ఉంది. పెద్దవాళ్ళతో వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

కవాసాకి కిట్టు

కాన్సిల్ చేయకండి. ముందు ప్రయాణం సంగతి చెప్తా, మిగతావి తెలిసినవాళ్ళు చెప్తారు.

షింజుకు నుంచి హకోనే ఫ్రీపాస్ తీసుకోండి, రెండు రోజులది. కొండ రైలు, కేబుల్ కార్, రోప్‌వే, సరస్సులో పడవ, అక్కడి బస్సులు అన్నీ అందులోనే వచ్చేస్తాయి. మ్యూజియం టికెట్లు రావు, కానీ పాస్ చూపిస్తే చాలాచోట్ల కొంత తగ్గిస్తారు. రొమాన్స్‌కార్ అనే ఎక్స్‌ప్రెస్ రైల్లో వెళ్తే విడిగా ఇంకొంత కట్టాలి. అమ్మగారి మోకాళ్ళ కోసం ఆ డబ్బు పెట్టేయండి, సీటు ఖాయం, గంటన్నర లోపే హకోనే యుమోతోలో దిగుతారు.

అక్కడి నుంచి గోరా దాకా కొండ రైలు. దూరం 9 కిలోమీటర్లు కూడా ఉండదు, 40 నిమిషాలు పడుతుంది. మీ నాన్నగారు ఇంజనీరు అన్నారు కదా, ఆయన్ని తప్పకుండా ముందు పెట్టెలో డ్రైవర్ వెనకాల నిలబెట్టండి. 1919లో మొదలైన లైను అది. కొన్నిచోట్ల ఎక్కుడు వెయ్యికి 80, అంటే పన్నెండున్నర మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు పైకి. పళ్ళచక్రం లేకుండా మామూలు పట్టాల మీద జపాన్‌లో ఇంత నిటారుగా ఎక్కే రైలు ఇంకోటి లేదు. దారిలో మూడుచోట్ల రైలు ఆగి వెనక్కి తిరిగి జిగ్‌జాగ్‌గా ఎక్కుతుంది.

ఇంకోటి, జూన్ మూడో వారం అంటే పట్టాల పక్కనంతా హైడ్రేంజియా పూలు. కొమ్మలు కిటికీ అద్దానికి తగిలేంత దగ్గరగా ఉంటాయి. వాన పడితే ఆ నీలం ఇంకా బాగుంటుంది.

ఓరుగల్లు పోరడు

అక్కా, నేను సూటిగా చెప్తా, ఏమనుకోకు. పోయినేడు మా అమ్మానాన్నని తీసుకుపోయిన. ఒక్క రోజులో మూడు మ్యూజియంలు చూపించిన. సాయంత్రానికి ఇద్దరికీ కాళ్ళు పీక్కుపోయినయి. నాన్న మూడో దాంట్ల లోపలికి కూడా రాలేదు, బయట బెంచీ మీద కూర్చున్నడు. మనిషికి ఒక్కో దానికి సుమారు 2000 యెన్లు, ముగ్గురికి లెక్కేసుకో. పెద్దోళ్ళకి కొండ, సరస్సు, గుడి చూపించు, సంతోషపడతరు. ఈ బొమ్మలు మనలాంటోళ్ళకి ఎక్కవు.

చిత్రలేఖ

పోరడు గారూ, మీ బాధ అర్థమైంది, కానీ అది మ్యూజియంల తప్పు కాదు, రోజుకి మూడు పెట్టుకోవడం వల్ల వచ్చింది. రోజుకి ఒకటి. మరీ ఓపిక ఉంటే పక్కనే ఇంకో చిన్నది. నేను ఫైన్ ఆర్ట్స్ చదివిన దాన్ని, నాకే మూడోదానికి కళ్ళు పనిచేయవు.

"మనలాంటోళ్ళకి ఎక్కవు" అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. అమ్మానాన్నలకి చూసే అవకాశమే రాలేదు, అంతే. చూపించాక ఎక్కిందో లేదో వాళ్ళే చెప్తారు.

గోదారిపిల్ల గారూ, మొదటిరోజుకి చోకోకు నో మోరి. శిల్పాల అడవి అని అర్థం. గోరాకి ఒక స్టేషన్ ముందే దిగాలి, స్టేషన్ పేరు కూడా అదే. 1969లో తెరిచారు, జపాన్‌లో మొట్టమొదటి ఆరుబయటి ఆర్ట్ మ్యూజియం. 70,000 చదరపు మీటర్ల కొండవాలు మీద శిల్పాలు నిలబెట్టారు. హెన్రీ మూర్‌వి 26 ఉన్నాయి, రొడాన్‌ది బాల్జాక్ ఉంది. శిల్పం వెనక పచ్చటి కొండ, దాని మీద మబ్బు కదులుతూ ఉంటుంది, నాన్నగారు పేర్లేమీ చదవక్కర్లేదు, ఊరికే నడిస్తే చాలు. వీల్‌చైర్ అడిగితే ఇస్తారు. చివర్లో వేడినీటి ఊటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే చోటు ఉంది, అమ్మగారికి అదొక్కటి చాలు.

వాన పెరిగితే లోపల పికాసో పెవిలియన్ ఉంది. అక్కడ ఎక్కువగా మట్టితో చేసినవి చూడండి. పికాసో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దక్షిణ ఫ్రాన్స్‌లో వల్లోరిస్ అనే కుమ్మరుల ఊరికి వెళ్ళి, అక్కడి మదురా అనే బట్టీలో కుండలూ పళ్ళాలూ చేశాడు. ఆయన పెయింటింగ్ చూసి "ఇదేంటి ముఖం ఇలా ఉంది" అనేవాళ్ళు కూడా ఆ కూజాలు చూసి మురిసిపోతారు, ఎందుకంటే మట్టి అందరికీ తెలిసిన వస్తువు.

రెండోరోజు పోలా మ్యూజియం. దాని గురించి విడిగా రాస్తాను, ఒక్క ముక్కలో తేలదు.

లక్ష్మి_సైతామా

అమ్మాయ్, నేను మా అత్తగారిని తీసుకెళ్ళాను, ఆవిడకి 71. నేను చెప్పేది నాచు తోట. గోరా నుంచి కేబుల్ కార్‌లో కాస్త పైకెళ్తే కోయెన్ కామి అనే స్టాపు, దిగితే ఎదురుగానే హకోనే బిజుత్సుకన్, అంటే ఆర్ట్ మ్యూజియం. 1952లో పెట్టారు, చిన్నది. లోపల పాతకాలం మట్టిజాడీలు, బయట తోటలో 130 రకాల నాచు. మేం వెళ్ళినరోజు తుంపర పడుతోంది. పచ్చ రంగులో అన్ని రకాలుంటాయని నాకు అప్పటిదాకా తెలీదు. మా అత్తగారు గొడుగు పట్టుకుని వంగి వంగి చూస్తూ "ఒక్క ఎండుటాకు లేదే, ఎవరు ఏరతారో" అని అడిగారు. అంతలోనే ఒక పెద్దాయన చిన్న చీపురుతో వచ్చి ఏరుతూ కనిపించాడు.

దారిలో రాళ్ళ మెట్లున్నాయి, వానకి జారతాయి, చెయ్యి పట్టుకుని నడిపించు. గురువారం సెలవు, నవంబర్‌లో తప్ప. నీది మంగళ, బుధ కాబట్టి పర్లేదు.

తిండి విషయం జాగ్రత్త. రూమ్ బుక్ చేసినచోట "శాకాహారం" అని మాత్రం చెప్పి ఊరుకోకు. వాళ్ళ లెక్కలో చేపముక్క లేకపోతే అది శాకాహారమే, మరిగించిన నీళ్ళలో చేపపొడి ఉంటుంది. దాషి, అంటే ఆ చేపల రసం కూడా వద్దు, కొంబు అనే సముద్రపు నాచుతో చేసిన దాషి అయితే ఫర్వాలేదు అని జపనీస్‌లో రాసి మెయిల్ పెట్టు, మళ్ళీ వెళ్ళేముందు ఫోన్ చెయ్యి. నేను పులిహోర, చపాతీలు, ఆవకాయ సీసా పట్టుకెళ్ళాను. మ్యూజియంలో ఎక్కడ తినొచ్చో కౌంటర్లో అడిగితే చూపిస్తారు.

ఓవకుదానికి, అదే నల్లగుడ్లు అమ్మేచోటికి, వెళ్ళాలనుకుంటే అమ్మానాన్నల్లో ఎవరికైనా ఆయాసం, గుండె జబ్బు ఉన్నాయేమో చూసుకో. అక్కడ గంధకం పొగ. అలాంటివాళ్ళు రావద్దని వాళ్ళే బోర్డులు పెడతారు. గాలి ఎక్కువైనా, పొగ ఎక్కువైనా రోప్‌వే ఆపేస్తారు, దాన్ని నమ్ముకుని ప్లాను వేయకు.

గోదారిపిల్ల

అందరికీ చాలా థాంక్స్. లక్ష్మి గారూ, నాన్నకి బీపీ ఉంది, ఓవకుదాని వదిలేస్తా. ఫోన్ కూడా చేస్తాను.

చిత్రలేఖ గారూ, పోలా గురించి రాస్తానన్నారు. ఇంకో మ్యూజియంలో ఫోన్ లోపలికి తీసుకెళ్ళనివ్వరు అని ఎవరో అన్నారు, అది ఇదేనా?

చిత్రలేఖ

కాదు, ఫోన్ వద్దనేది ఒకదా మ్యూజియం. కొవకుదానిలో ఉంటుంది, 2013లో తెరిచారు. ఫోన్, కెమెరా లాకర్లో పెట్టి ఎయిర్‌పోర్ట్‌లో లాగా తనిఖీ అయ్యాక లోపలికి పంపుతారు. ఆసియా కళ, అయిదు అంతస్తులు. నాకు ఆ ఫోన్ లేని రెండు గంటలు చాలా నచ్చాయి. కానీ మొదటిసారి వచ్చే పెద్దవాళ్ళకి అది పెద్దది, గదులు చీకటిగా ఉంటాయి. ఈసారికి వద్దు.

ఇక పోలా. సెంగొకుహరాలో అడవి మధ్య ఉంది, గోరా నుంచి బస్సులో పావుగంట లోపు. 2002లో తెరిచారు. పోలా కాస్మెటిక్స్ కంపెనీ రెండోతరం యజమాని సుజుకి త్సునేషి నలభై ఏళ్ళపాటు ఒక్కొక్కటీ కొని పోగేసినవి అవన్నీ. మోనే, రెన్వార్, సెజాన్, వాన్ గో, పికాసో, పారిస్‌లో స్థిరపడిన ఫుజితా కూడా. మోనేవే పంతొమ్మిది. ఇవి చూడాలంటే పారిస్ వెళ్ళాలి అనుకుంటాం కదా, ఇక్కడ కొండ మీద, జనం తోసుకోకుండా, ఎదురుగా బెంచీ మీద కూర్చుని చూడొచ్చు. అన్నీ ఒకేసారి బయట పెట్టరు, మార్చి మార్చి పెడతారు. కాబట్టి ఫలానా బొమ్మ కోసమే వెళ్తే ముందు వాళ్ళ సైట్‌లో చూసుకోండి.

మీ నాన్నగారికి అసలు నచ్చేది ఆ భవనం. అది నేషనల్ పార్క్ నేల, చెట్లని మించి లేవకూడదని నేల పైకి 8 మీటర్లే కట్టారు, మిగతాదంతా భూమిలోపల. కొండని పెద్ద గిన్నెలాగా గుండ్రంగా తొలిచి, ఆ కాంక్రీటు గిన్నెలో భవనాన్ని రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టారు. భూకంపం వస్తే నేల కదిలినంతగా పైన బొమ్మలు కదలవు. రోడ్డు మీద నుంచి చూస్తే ఏమీ కనపడదు, చిన్న వంతెన దాటి లోపలికి వెళ్ళి ఎస్కలేటర్ మీద కిందకి దిగుతుంటే అప్పుడు తెలుస్తుంది ఎంత లోతుందో. లిఫ్టులున్నాయి, అమ్మగారికి ఒక్క మెట్టు బాధ లేదు.

చుట్టూ బీచ్ అనే రకం చెట్ల అడవిలో నడక దారి, అందులో కూడా శిల్పాలున్నాయి. రోనీ హార్న్ పోతపోసిన గాజు శిల్పం ఒకటి చెట్ల మధ్య నేల మీద ఉంటుంది. మబ్బు పట్టినరోజు దాని మీద నీళ్ళు నిలిచాయా, గాజే నీళ్ళలా ఉందా అని దగ్గరికి వెళ్ళినా చెప్పలేం.

నగానో నాని

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఈసారికి కాకపోయినా తర్వాత ఎప్పుడైనా కరుయిజావా కూడా చూడండి. టోక్యో నుంచి షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో గంటా పది నిమిషాలు, వెయ్యి మీటర్ల ఎత్తు. అక్కడ సెంజు హిరోషి మ్యూజియం ఉంది, 2011ది, భవనం నిషిజావా ర్యూయే చేసింది. నేల చదును చేయకుండా కొండవాలు ఎలా ఉంటే లోపలి నేల కూడా అలాగే ఏటవాలుగా పోసేశారు. గదులే లేవు, అంతా ఒకటే హాలు, మధ్యమధ్యలో గుండ్రటి గాజు తోటలు, వాటి చుట్టూ ఆయన గీసిన జలపాతాలు. నేను సంవత్సరానికి రెండుసార్లు వెళ్తాను. జలపాతం ముందు నిలబడితే చప్పుడు వినపడుతున్నట్టే ఉంటుంది. చలికాలం మూసేస్తారు.

కారు ఉన్నవాళ్ళకైతే ఉత్సుకుషిగహర. అది చోకోకు నో మోరికి చెల్లెలు లాంటిది, 1981లో పెట్టారు, సుమారు 2000 మీటర్ల ఎత్తులో గడ్డి మైదానం మీద శిల్పాలు. అదీ చలికాలం ఉండదు. గాలి మాత్రం నిలబడనివ్వదు, జూలైలో కూడా స్వెట్టర్ పెట్టుకోండి.

కవాసాకి కిట్టు

నాని అన్నా, ఆ గడ్డి మైదానం సంగతి నేను రాసుకున్నా.

గోదారిపిల్ల గారూ, బ్యాగులు మోసుకుని తిరగకండి. యుమోతో స్టేషన్‌లోనే మధ్యాహ్నం లోపు ఇస్తే సాయంత్రానికి మీ హోటల్‌కి చేర్చే కౌంటర్ ఉంది. డబ్బు తీసుకుంటారు, కానీ కొండ రైల్లో సూట్‌కేసుతో నిలబడటం కన్నా లక్ష రెట్లు నయం. బస్సులు చివరివి తొందరగా అయిపోతాయి, స్టాపులో దిగగానే తిరుగు టైమ్ ఫోటో తీసి పెట్టుకోండి.

గోదారిపిల్ల

వెళ్ళొచ్చాం! నిన్న రాత్రి ఇంటికి చేరాం. మీరందరూ అంత ఓపిగ్గా రాశారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను, కాస్త పెద్దదవుతుంది.

మొదటిరోజు పొద్దున్నే వాన. రొమాన్స్‌కార్ దిగి బ్యాగులు కౌంటర్లో ఇచ్చేసి కొండ రైలు ఎక్కాం. కిట్టు గారు చెప్పినట్టే నాన్నని ముందుకి తీసుకెళ్ళాను. మొదటి జిగ్‌జాగ్ దగ్గర రైలు ఆగింది. డ్రైవర్ దిగి వెనక్కి నడుస్తున్నాడు, వెనక నుంచి గార్డు ముందుకి వస్తున్నాడు, ఇద్దరూ వానకోట్లు వేసుకుని మధ్యలో ఎదురుపడి ఒకరికొకరు సెల్యూట్ చేసుకుని దాటుకుపోయారు. నాన్న ఆ పెట్టెలోంచి ఈ పెట్టెలోకి పరిగెత్తారు, ఇప్పుడు ఇటు ముందైంది కదా అని. ఆయన అలా పరిగెత్తడం నేను చిన్నప్పుడు కూడా చూళ్ళేదు.

మలుపుల దగ్గర చక్రాల కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి, వాన నీళ్ళేమో అనుకున్నాను. నాన్న అడగమన్నారు, దిగేటప్పుడు గార్డుని అడిగాను. అవి రైలే చల్లుకుంటుందట. 30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులు, పట్టా అరిగిపోతుంది, నూనె రాస్తే ఎక్కుడులో జారుతుంది కాబట్టి నీళ్ళు. నాన్న ఆ మాట రోజంతా తలుచుకుంటూనే ఉన్నారు.

శిల్పాల అడవిలో అమ్మకి వీల్‌చైర్ తీసుకుందామంటే వద్దంది, నా చెయ్యి పట్టుకునే నడిచింది. వాన సన్నగా పడుతోంది, జనం లేరు. నీళ్ళలో వెల్లకిలా పడుకున్న పెద్ద ముఖం ఒకటి ఉంది, చుట్టూ మొక్కలే జుట్టులాగా. లలాన్ దంపతులు చేశారట, పేరుకి అర్థం ఏడుస్తున్న ఆవిడ. వానచుక్కలు ఆ బుగ్గల మీద పడి కళ్ళ పక్కనుంచి జారి నీళ్ళలో కలుస్తున్నాయి. నేను పేరు చదివి చెప్పకముందే అమ్మ "ఎందుకే ఏడుస్తోంది" అంది. అక్కడే చాలాసేపు నిలబడింది. మోకాలు నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు.

రంగు గాజు ముక్కల గోపురం ఉంది చూడండి, గాబ్రియెల్ ల్వార్ చేసింది, 18 మీటర్లు. మందపాటి గాజుని సుత్తితో పగలగొట్టి ముక్కలు పేర్చారు. నేను ఎండ లేదు కదా ఏం కనపడుతుంది అనుకుంటూ లోపలికి వెళ్ళాను. మబ్బు వెలుతురులో రంగులు కళ్ళల్లో గుచ్చుకోకుండా మెత్తగా ఉన్నాయి. నాన్న మెట్లెక్కి పైదాకా వెళ్ళారు. అమ్మ కిందే గోడకి ఆనుకుని తల పైకెత్తి చూస్తూ ఉండిపోయింది. ఆవిడ తెల్ల చీర మీద ఎర్రదీ నీలందీ చిన్న చిన్న మచ్చలు పడ్డాయి. ఫోటో తీశాను, అది మా ఇంట్లో గోడకి పెడతాను.

పికాసో మట్టి పళ్ళాల దగ్గర అమ్మ ఆగి ఆగి చూసింది. కూజా పొట్టనే గుడ్లగూబ పొట్ట చేసేశాడు. ఒక పళ్ళెం అంచున వేలితో నొక్కిన గుర్తులుంటే "ఇది ఆయన వేలేనా" అని అడిగింది. అవునన్నాను. అంతే, ఇంకేమీ అనలేదు, ఆ గుర్తు మీదే చూపు పెట్టి నిలబడింది.

రాత్రి భోజనం దగ్గర మాత్రం బాధపడ్డాం. మెయిల్ పెట్టాను, ఫోన్ చేశాను, సరే అన్నారు, తీరా సూప్‌లో చేప వాసన. వాళ్ళు చాలాసార్లు క్షమించమన్నారు, అన్నం, టోఫు, ఊరగాయలు మళ్ళీ తెచ్చారు. కానీ అమ్మ అప్పటికే లేచేసింది. లక్ష్మి గారి మాట విని పట్టుకెళ్ళిన పులిహోరే గదిలో తిన్నాం. ఆ హోటల్ పేరు రాయను, మీరు మాత్రం ఎక్కడికెళ్ళినా చేతిలో ఏదో ఒకటి ఉంచుకోండి.

గోదారిపిల్ల

రెండోరోజు. పొద్దున నాచు తోట. లక్ష్మి గారూ, మీరన్నది అక్షరాలా నిజం, వానలోనే చూడాలి అది. లోపల జోమొన్ కాలం కుండలున్నాయి, వేల ఏళ్ళనాటివి, తాడుతో నొక్కి చేసిన గీతలు. అమ్మ కొంగు అంచు పట్టుకుని ఆ తాడు ఎటు తిప్పి ఉంటారో నాకు చేసి చూపించింది. గంటలో బయటికి వచ్చేశాం, తోటలోని టీ ఇంట్లో కూర్చుని మచ్చా తాగాం. నాన్నకి చేదు, నాకు పట్టించేశారు.

తర్వాత బస్సులో పోలా. లోపలికి దిగుతున్నంతసేపూ నాన్న గోడలూ పైకప్పూ చూస్తూనే ఉన్నారు. గిన్నె, రబ్బరు దిమ్మల సంగతి చెప్పాను. జేబులోంచి కాగితం, పెన్ను తీసి బొమ్మ గీసుకోవడం మొదలుపెట్టారు. ఒక అమ్మాయి మెల్లగా వచ్చి వంగి నమస్కారం పెట్టి, పెన్ను చూపించి కాదు అన్నట్టు చెయ్యి ఊపి, ఒక పెన్సిల్ రెండు చేతులతో ఇచ్చింది. ఇంకు బొమ్మల మీద పడుతుందని భయమట, పెన్సిల్ అయితే ఎంతసేపైనా రాసుకోవచ్చట. నాన్న కూడా రెండు చేతులతో పుచ్చుకున్నారు.

మోనే కలువల చెరువు దగ్గర నేను కూర్చుండిపోయాను. 1899లో వేసింది, పైన ఆకుపచ్చ వంతెన ఉంది. దూరం నుంచి చెరువు, దగ్గరికెళ్తే అడ్డంగా గీసిన ముద్దలు, మళ్ళీ వెనక్కొస్తే చెరువు. అమ్మ నా పక్కనే ఉంది. కాసేపటికి చూస్తే నాన్న లేరు.

వెతికితే ఇంకో గదిలో ఒక చిన్న బొమ్మ ముందున్నారు. అర మీటరుకి అటూ ఇటూ ఉంటుందేమో. వాన్ గో, 1888. విగెరా అనే కాలవ మీద చిన్న వంతెన, గట్టు, నీళ్ళ దగ్గర బట్టలుతికే ఆడవాళ్ళు. నాన్న ఉద్యోగమంతా డెల్టా కాలవల మీదే గడిచింది. చిన్నప్పుడు నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని కాలవగట్టు మీద తీసుకెళ్ళి లాకులు చూపించేవారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, కాలవ తనిఖీకి వెళ్ళినప్పుడు నిలబడినట్టే నిలబడ్డారు. నేను పక్కకి వెళ్ళగానే "నీళ్ళు ఎటు పోతున్నాయో తెలుస్తోంది చూడు" అన్నారు. తర్వాత ఏ సంవత్సరం అని అడిగారు. చెప్పాను. "ధవళేశ్వరం ఆనకట్ట 52లో అయింది, అప్పటికి 36 ఏళ్ళు. ఈ టైమ్‌లో మన కాలవలు కూడా ఇలాగే ఉండుంటాయి, ఎవరూ గీసిపెట్టలేదు" అన్నారు. ఆయన అన్న 52 అంటే 1852.

నాకు ఏం చెప్పాలో తెలీలేదు. పావుగంట అక్కడే ఉన్నాం. ఇంక ఏ బొమ్మా చూడనన్నారు, ఇది చాలన్నారు. అడవి దారిలోకి వెళ్దామంటే వాన పెరిగింది, గాజు శిల్పం చూడలేదు. బస్సు తప్పిపోయి స్టాపులో 40 నిమిషాలు తడుస్తూ కూర్చున్నాం. పొగమంచులో చెట్లు ఒకటి కనపడి ఒకటి కనపడక ఉన్నాయి. నాన్న అంతసేపూ అమ్మకి కాలవకి పూడిక ఎలా తీసేవాళ్ళో చెప్తూనే ఉన్నారు, నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఎన్నిసార్లు విని ఉంటుందో. ఆవిడ మాత్రం మొదటిసారి వింటున్నట్టే విన్నది.

ఫుజి కనపడలేదు. ఎవరూ దాని ఊసెత్తలేదు.

చిత్రలేఖ

ఇది చదివి ఆఫీసులో కళ్ళు తుడుచుకున్నాను. ఆ బొమ్మ ముందు నేను కనీసం పదిసార్లు నిలబడి ఉంటాను, వంతెన చూశాను, రంగు చూశాను, జపాన్ అచ్చుబొమ్మల ప్రభావం గురించి నోట్సు రాసుకున్నాను. నీళ్ళు ఎటు పోతున్నాయో ఒక్కసారి కూడా చూడలేదు. ఈసారి వెళ్ళినప్పుడు అదే చూస్తాను. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఓరుగల్లు పోరడు

అక్కా, నేను ముందు రాసింది వెనక్కి తీసుకుంటున్న. మా నాన్న బెంచీ మీద కూర్చున్నడంటే ఆయన తప్పు కాదు, నేనే ఉరుకులు పరుగులు పెట్టించిన. ఈ ఆగస్టుల మా అక్క, బావ, ఇద్దరు పిల్లలు వస్తున్నరు, పిల్లలకి ఐదు, ఎనిమిది ఏండ్లు. ఈసారి చోకోకు నో మోరి ఒక్కటే పెట్టుకుందామనుకుంటున్న, పిల్లలు ఉండగలుగుతరా?

చిత్రలేఖ

ఉండగలగడం కాదు, బయటికి రమ్మంటే రారు. ఒక పెద్ద చెక్క గోపురం ఉంది, ఇనుప మేకు లేకుండా దూలాలు పేర్చి కట్టింది, తెజుకా ఆర్కిటెక్ట్స్ 2009లో చేశారు. దాని లోపల హోరియుచి తోషికో మెక్ఆడమ్ చేత్తో అల్లిన రంగురంగుల పెద్ద వల వేలాడుతుంది. అందులో ఎక్కి దూకి దొర్లడమే. ప్రాథమిక పాఠశాల వయసు దాకా పిల్లలనే ఎక్కనిస్తారు, మీ అక్క పిల్లలిద్దరికీ సరిపోతుంది. సబ్బుబుడగల కోట అని పారదర్శకమైన గదుల చిక్కుదారి కూడా ఉంది. సాక్సులు తీసుకెళ్ళండి, ఒక జత బట్టలు కూడా. ఆగస్టులో మధ్యాహ్నం ఎండ ఉంటుంది, పొద్దున తెరిచేసరికే వెళ్ళిపోండి, తొమ్మిదికి తెరుస్తారు.

ఓరుగల్లు పోరడు

సరే. గురువారం పొద్దున అది, అయినంక మా అక్క కోసం నాచు తోట.

లక్ష్మి_సైతామా

గురువారం నాచు తోట సెలవని పైన రాశాను కదా తమ్ముడూ. ఒకరోజు ముందుకో వెనక్కో జరుపుకో.

ఓరుగల్లు పోరడు

మంచిగ చెప్పినవ్ అక్కా. శుక్రవారం పెట్టుకుంట, ఇప్పుడే రూమ్ మారుస్తున్న.